వంగపండు రంగు కిటికీ

కరెంటు వచ్చినందుకు గుండె జారిపోయిన మనిషి ఆ సాయంత్రం రంగూన్ మొత్తమ్మీద అచ్చెన్న ఒక్కడే అయి ఉంటాడు. బస్సు ఇన్సెయిన్ దాటాక ఆగిపోయి చాలాసేపైంది. ముందు లారీలు, లారీల ముందు ఇసుక బస్తాలు, బస్తాల వెనక తుపాకులు పట్టుకున్న కుర్రాళ్ళు. బస్సులో ఎవరి చెమట వాళ్ళు తుడుచుకుంటూ ఎవరి కళ్ళలోకీ ఎవరూ చూడకుండా కూర్చున్నారు, ఈ మధ్య ఊరందరికీ అబ్బిన మర్యాద అది. అంతలో రోడ్డు వారన మసక చీకట్లో ఉన్న మేడలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, లోపలి నుంచి పిల్లలు 'మీ లాబ్యీ' అని కేకపెట్టారు. కరెంటొస్తే ఈ ఊరి పిల్లలు పెట్టే కేక అది, దేశం ఏమైపోయినా ఆ కేక మాత్రం మారలేదు, అచ్చెన్న కూడా చిన్నప్పుడు అహ్లోన్ బియ్యం మిల్లుల వెనక కూలీ లైన్లలో జారిపోయే నిక్కరు ఒక చేత్తో పట్టుకుని అలాగే అరిచేవాడు. బస్సులో ఒకరిద్దరు అలవాటుకొద్దీ నవ్వారు కూడా. అచ్చెన్నకు నవ్వు రాలేదు. టైమరు, అనుకున్నాడు. టైమరు తిప్పలేదు.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా అది, గోడ ప్లగ్గులో గుచ్చి, దానిలో దీపం వైరు గుచ్చాలి. దాని మొహం మీద ఒక చక్రం గడియారంలా తిరుగుతూ ఉంటుంది, చక్రం చుట్టూ పళ్ళు, నొక్కిన పళ్ళు ఉన్నంతసేపూ దీపం వెలుగుతుంది, నొక్కని పళ్ళ దగ్గరికి రాగానే ఆరిపోతుంది. తెల్లారగానే వెలిగి పొద్దుగూకక ముందే ఆరేలా తనే నొక్కిపెట్టాడు. అంతా బాగానే ఉంది గానీ ఆ చక్రం కరెంటుంటేనే తిరుగుతుంది, కరెంటు పోతే ఉన్నచోటే పడుకుంటుంది, వచ్చాక లేచి అక్కణ్ణుంచే నడక మొదలుపెడుతుంది, మధ్యలో సూర్యుడు ఎంత దూరం పోయాడో దానికి పట్టదు. అందుకే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చక్రాన్ని వేలితో ముందుకు తిప్పాలి, మొక్కలవాడికి అది పళ్ళు తోముకోవడం లాంటి పని. ఇవాళ కరెంటు కాకులు లేవకముందే పోయింది. అంటే చక్రానికి ఇంకా తెల్లారనే లేదు. అహ్లోన్‌లో తన ఇంట్లో కూడా ఇప్పుడు కరెంటొచ్చి ఉంటే దాని లెక్కన కాసేపట్లో తెల్లారుతుంది, కిటికీ పక్క దీపం వెలుగుతుంది, ఇక రాత్రంతా దానికి పగలే. ఆ గదిలో రాధ ఉంది.

రాధ అతని చెల్లెలు బాలామణి కూతురు. లైంగ్‌థార్యార్‌లో చలికోట్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చునేది, ఫిబ్రవరిలో సైన్యం గద్దెనెక్కాక ఆ మిషను మీంచి లేచింది, పక్క మిషనుదాన్ని లేపింది, వరస వరసంతా లేచింది, రోడ్డు నిండింది, తర్వాత వంతెన దగ్గర కాల్పులు జరిగాయి. ఎలా నది దాటిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పదు. తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉంది, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఎవరిదో మగవాళ్ళ చెప్పు. ఆ మగ చెప్పు ఎవరిదని అచ్చెన్న అడగలేదు, ఆమె చెప్పలేదు, అది ఇప్పటికీ మంచం కింద ఉంది, పారెయ్యనివ్వదు. ఫ్యాక్టరీ గేటుకు ఆమె ఫొటో అంటించారని తర్వాత తెలిసింది. ఈ ఊళ్ళో ఇంటికి చుట్టమొచ్చి రాత్రికి ఉండిపోతే వార్డు ఆఫీసులో చెప్పి రావాలి, అత్తగారైనా అల్లుడైనా సరే. అచ్చెన్న చెప్పలేదు. వీధిలో అందరికీ తెలిసినంతవరకూ ఆ మేడ మీద పెళ్ళాం పోయిన ముసలాడూ వాడి నీళ్ళ మొక్కలూ తప్ప ఇంకో ప్రాణి లేదు.

అసలు ఆ దీపం మామూలు రంగులో వెలిగినా కొంత నయంగా ఉండేది. ఎరుపూ నీలమూ కలిసిన వెలుగు, మొక్కలకు అదే పడుతుందని కొన్నాడు, వెలిగిస్తే గదంతా వంగపండు రంగు తిరుగుతుంది, అందులో ఎవరి మొహం చూసినా ఊపిరాడనివాళ్ళ మొహంలా ఉంటుంది. మొదటిసారి వెలిగించిన రోజు వీధంతా తలెత్తి చూసి నవ్వింది. ఎదురింటి కింద వాటాలో ఉండి, పొద్దున్నే సందు మొదట్లో చేపల పులుసు మొహింగా అమ్మే వెంకమ్మప్ప అయితే గరిటె పట్టుకునే వచ్చి, "ఏటిరా అచ్చెన్నా, ఇంట్లో సినిమాహాలెట్టినావేటి" అంది. అప్పుడది నవ్వులాట. ఇప్పుడు చీకటి పడితే ఊరంతా దీపాలార్పుకుని గోడకు ఆనుకుని కూర్చుంటోంది, వెలుగు కనిపించిన కిటికీ మీదికి సైనికులు ముందు ఉండేలుతో గోళీలు వేస్తారు, తర్వాత మెట్లెక్కి వస్తారు. కిటికీకి దుప్పటి కట్టాడు, దుప్పటి మీద ఇంకో దుప్పటి కట్టాడు, ఆ పాడు రంగు రెండు దుప్పట్లలోంచీ చెమటలా ఊరుతుంది. అహ్లోన్‌లో కరెంటు రాకూడదు, నూకాలమ్మ తల్లీ, ఇంకాసేపు రానివ్వకు, మా లైనులో ఏ తీగన్నా తెంపెయ్యి. కరెంటు వంతులవారీగా ఇస్తున్నారు కదా, ఇటు వస్తే అటు ఉండదు, చాలాసార్లు అంతే, అన్నిసార్లూ కాదు.

బస్సు కదిలింది, పది బారలు పోయి మళ్ళీ ఆగింది. పక్క సీటులో కూరగాయల సంచి ఒళ్ళో పెట్టుకున్న బర్మా ఆవిడ కళ్ళు మూసుకుని పూసలు తిప్పుతోంది, ఆవిడకి ఎవరున్నారో ఇంటి దగ్గర, అందరికీ ఎవరో ఒకరున్నారు, అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక గది ఉంది. ఫోన్ చేద్దామంటే ఫోన్ ఇంట్లో వదిలి వచ్చాడు, దారిలో ఫోన్లు లాక్కుని చూస్తున్నారని అందరూ వదిలేసే వస్తున్నారు. ఎవరిదన్నా అడిగి చేసినా ఆ గదిలో ఫోన్ ఆపేసి ఉంటుంది, మోగకూడదు కాబట్టి. ఎంత ముందుచూపు. అన్నిటికీ ముందుచూపే, ఒక్క చక్రం తప్ప. తలుపు మీద రెండు తాళాలు, కిటికీ మీద రెండు దుప్పట్లు, కుండలో రెండు రోజుల నీళ్ళు, ఇన్ని చేసినవాడు వైరు పీకి రావచ్చు కదా. మధ్యాహ్నానికి వచ్చేస్తాను కదా అనుకున్నాడు. పొద్దెక్కాక కరెంటొస్తే మొక్కలకు కాస్త వెలుగు తగులుతుంది కదా అని కూడా అనుకున్నాడు, అదే నిజం, మొక్కల మీద జాలిపడ్డాడు, మనిషి మీద పడాల్సిన జాలి.

ఇవాళ అసలు ఇల్లు కదలకూడదనే ఉంది. కానీ పొద్దున్నే మింగళాడోన్ నుంచి కారొచ్చి సందులో ఆగింది. అక్కడి కంటోన్మెంటులో ఒక పెద్ద ఆఫీసరు భార్యకు ఈ మరుగుజ్జు చెట్లంటే పిచ్చి, డో మ్యా అంటారు ఆవిణ్ణి, అచ్చెన్న దగ్గర కొన్న చింతచెట్టు ఆకులు రాలుస్తోంది, వెంటనే రావాలట. డ్రైవరు యూనిఫాంలో ఉన్నాడు. కింద వాటాలో కొత్తగా దిగిన వార్డు ఆఫీసు గుమస్తా గుమ్మంలో నిలబడి టీ తాగుతూ చూస్తున్నాడు. రానంటే ఎందుకు రానన్నాడని ఎవరో ఒకరు ఆలోచిస్తారు, ఎవరినీ తన గురించి ఆలోచించనివ్వకుండా ఉండడమే అచ్చెన్నకు ఇప్పుడున్న పెద్ద ఉద్యోగం. కత్తెరలూ రాగి తీగా సంచిలో వేసుకుని, బయట తాళాలు వేసి, కారెక్కాడు. వెనక సీటు మెత్తగా ఉంది, ఆ మెత్తదనం ఒళ్ళంతా కుట్టింది.

ఆ ఇంట్లో చలి. చెట్టును తీసుకెళ్ళి ఏసీ గాలి కింద పెట్టారు, రాలక ఏం చేస్తుంది, చెట్టుకు జలుబు చేసిందండి అన్నాడు, డో మ్యా పడీపడీ నవ్వింది. మంచి మనిషే. అదే కష్టం. కాఫీ ఇప్పించింది, మీ వైపు కరెంటు ఉండడం లేదట కదా పాపం, మాకెప్పుడూ పోదు అంది. అక్కడితో వదిలెయ్యక అతిథులు వస్తారని ఇంకో నాలుగు చెట్లు తెచ్చి ముందు పెట్టింది, కొమ్మలకు తీగ చుట్టు, వంపు తిప్పు, ఇది ఇటు వంగాలి, ఇది గాలికి ఒరిగినట్టు ఉండాలి. తీగ చుడుతూ చుడుతూ కిటికీలో ఎండ ఏటవాలుగా వాలడం చూశాడు, లేవలేకపోయాడు. "ఇంట్లో నీకు తోడెవరు, ఊ అచ్చెన్నా?" అని అడిగింది మధ్యలో, పేరు ముందు బర్మావాళ్ళ మర్యాద 'ఊ' తగిలించి, ఊరికే, ఏదో ఒకటి మాట్లాడాలని. "మొక్కలేనండి" అన్నాడు. "అదృష్టవంతుడివి. మొక్కలు ఊరేగింపులకు పోవు" అంది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నోట్లో కుంకుడు రసంలా ఉంది. పైగా నవ్వుతూ నవ్వుతూ ఆ చల్లటి గదిలో ఒక్క క్షణం అనిపించింది, నిజంగానే ఇంట్లో ఎవరూ లేకపోతే ఎంత హాయి, ఈ గుంట ఇంకో ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటే ఎంత బాగుండేది. అనిపించిన మాట అనిపించింది. బాలామణి వింటే చెంప పగలగొట్టేది.

బాలామణి ఎక్కడ వింటుంది. పోయిన ఏడాది రోగమొచ్చి ఊరంతా తలుపులేసుకున్నప్పుడు పోయింది. ఆస్పత్రి గేటు దాటనివ్వలేదు, ప్లాస్టిక్కులో చుట్టి బండి ఎక్కించారు, అన్న ఒక గేటు దగ్గరా కూతురు ఇంకో గేటు దగ్గరా నిలబడ్డారు, బండి మూడో గేటులోంచి పోయింది. అదే ఏడాది పేవ్‌మెంటు మీద అచ్చెన్న మొక్కల దుకాణం మూతపడింది, కుండీలన్నీ మేడ మీదికి ఎక్కించాడు, మట్టి నీళ్ళు నేల చెక్కపలకల సందుల్లోంచి కింద వాటాలో కారుతున్నాయని ఇంటాయన గోలపెట్టాడు. మట్టి లేకుండా మొక్కలేమిటనుకున్నాడు, తర్వాత నీళ్ళే గతి అయ్యాయి. నల్ల ప్లాస్టిక్ తొట్లు, వాటికి మూతలు, మూతలకు రంధ్రాలు, రంధ్రాల్లో జల్లెడ గిన్నెలు, గిన్నెల్లో పెంకు ముక్కల మధ్య వేలెడు చింతమొలక, కింద నీళ్ళలో తెల్లగా వేలాడే వేళ్ళు. చేపలతొట్టికి పెట్టే గాలి మోటారు ఒకటి బుడబుడమంటూ ఉంటుంది. మూత ఎత్తితే చెట్టు కింద ఏం జరుగుతోందో మొత్తం కనబడుతుంది, మట్టిలో అయితే ఎన్నేళ్ళు పెంచినా కనబడదు. ఆ ఏడు మాట్లాడేందుకు మనిషి లేక వాటితోనే మాట్లాడాడు. కొన్నిటిని తిట్టేవాడు కూడా.

రాధ వచ్చిన కొత్తలో మంచం మీద గోడకేసి తిరిగి పడుకునేది, అన్నం కూడా అటు తిరిగే తినేది. ఒకరోజు అతను మొలకల వేళ్ళు కత్తిరించుకుంటుంటే ఇటు తిరిగింది. "అదేటి మావా, అంత పొడుగు ఏరు కోసేత్తన్నావు?" అంది. "తల్లేరమ్మా. ఇది తీసెయ్యాలి, నేకపోతే ఎడల్పు పళ్ళెంలో నిలవదు." "తల్లేరు తీసేత్తే బతుకుద్దా?" "బతుకుద్ది. పక్కేర్లు బలత్తాయి." ఆమె చాలాసేపు ఆ తెల్ల వేళ్ళకేసి చూసి, "నాకొకటియ్యి, నేను కోత్తాను" అంది. చెయ్యి బాగా స్థిరంగా ఉంది, కోట్లు కుట్టిన చెయ్యి కదా. ఆ రోజు నుంచీ ఆ తొట్లు ఆమెవే అయ్యాయి. కరెంటు పోయి గాలి మోటారు ఆగితే మంచం మీంచి వంగి గ్లాసుతో నీళ్ళు తోడి మళ్ళీ అందులోనే పోస్తుంది, చప్పుడు కాకుండా గ్లాసు అంచు నీటికి ఆనించి, తోడి పోసి, తోడి పోసి, గాలి తగలకపోతే వేళ్ళు కుళ్ళిపోతాయని. ఇవాళ పొద్దుట్నుంచీ అదే పనిలో ఉండి ఉంటుంది. చెయ్యి పడిపోయి ఉంటుంది. చింతాకులు చీకటి పడితే ముడుచుకుంటాయని ఆమే కనిపెట్టింది, పగలు కరెంటు పోయినా ముడుచుకుంటాయి, "ఈటికి మనకంటే బయ్యం మావా" అంది. రాత్రి ఊరంతా పళ్ళేలూ గిన్నెలూ వాయిస్తుంది కదా, ఇంట్లోంచి దయ్యాన్ని తరమడానికి ఈ దేశంలో అలా వాయిస్తారు, ఇప్పుడు గద్దె మీది దయ్యం కోసం వాయిస్తున్నారు, ఆ వేళ ఆమె లేచి కూర్చుని తొట్టి అంచు మీద గోటితో టిక్కుటిక్కుమని కొట్టేది, అతనికి కూడా వినిపించనంత మెల్లగా. ఈసారి తింజాన్‌కి కొత్త సంవత్సరం పండగైనా ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు. ఆమె మాత్రం గ్లాసులో మిగిలిన చుక్క మావయ్య మెడ మీద వేసింది.

లెదాన్ దగ్గర సైనికులు బస్సు ఎక్కి వెతికారు. తుపాకీ గొట్టంతో కూరగాయల సంచి తెరిచారు, అచ్చెన్న సంచి తెరిచారు, కత్తెరలు ఎందుకన్నారు, చెట్లకండి అన్నాడు, ఏ చెట్లకన్నారు, మింగళాడోన్‌లో డో మ్యా గారి చెట్లకన్నాడు. ఆ పేరు వినగానే సంచి మూసి చేతికిచ్చారు, కాస్త మర్యాదగానే. బస్సు ఇక ముందుకు పోదు దిగండి అన్నారు. అచ్చెన్న దిగి నడక మొదలుపెట్టాడు. పరుగెత్తకూడదు. పరుగెత్తేవాణ్ణి కాలుస్తారు. పరుగెత్తకుండా ఎంత బేగి నడవగలడో అంత బేగి నడిచాడు, లోంజీ అంచు కాళ్ళకు చుట్టుకుంది, బొటనవేలి దగ్గర చెప్పు తెగింది, చెప్పు చేత్తో పట్టుకుని నడిచాడు. ఒక వీధి చీకటి, ఒక వీధి వెలుగు, వెలుగున్న వీధుల్లో కూడా జనం చకచకా లైట్లార్పేస్తున్నారు. వైరు పీకీ తల్లీ. అది వెలగ్గానే పీకీ. నీకు చెప్పాను కదా.

చెప్పాడు, అదే చెప్పాడు, కానీ ఇంకోటి కూడా చెప్పాడు. నేను లేనప్పుడు మంచం దిగకు, కింద గుమస్తాకి పలక కిర్రుమన్నా ఇనపడద్ది, పైన తాళమేసుంటే అడుగులెవులివని వత్తాడు, అన్నాడు. దాహమేత్తే, అంది. మంచం కింద కుండెట్టినాను, అన్నాడు. మరి లైటో, అంది. అదే ఆరిపోద్ది పొద్దుగూకీసరికి, ఎప్పుడన్నా సీకట్లో ఎలిగిందంటే ఇంకేటీ ఆలోసించకు, బేగెల్లి వైరు పీకీ, అన్నాడు. మంచం దిగొద్దన్నావు కదా, అంది. అప్పుడు దిగు, అన్నాడు. ఆమె చాలా రోజుల తర్వాత పళ్ళు కనిపించేలా నవ్వింది. "నువ్వు మా సూపర్‌వైజర్ కంటే అన్నేయం మావా. ఒక నోటితో దిగొద్దంటావు, ఇంకో నోటితో దిగమంటావు." ప్లగ్గేమో గదికి ఆ చివర, కిటికీ కింద, మధ్యలో ఆ కూసే పలకలన్నీ దాటాలి. ఇప్పుడు రెండు మాటల్లో ఏది వింటుంది. చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట వినే పిల్ల కాదు, వింటే ఫ్యాక్టరీలోనే ఉండేది. ఈ నెల రోజుల్లోనే మాట వినడం నేర్చుకుంది, భయపడి కాదు, మావయ్య పడుతున్న భయం చూసి. వైరు పీకీ. పలకలు కిర్రుమన్నా పరవాలేదు, పీకీ.

పళ్ళేల మోత మొదలైంది. ముందు ఎక్కడో ఒక్క గరిటె, తర్వాత రెండు, తర్వాత నాలుగు వీధులూ, డబ్బాలూ మూతలూ బాణళ్ళూ, ఊరంతా ఒకే వంటిల్లు అయినట్టు. ఆ మోతలో అచ్చెన్న మనసు ఒక్కసారి తేలికపడింది, ఈ గోలలో పలక కిర్రుమంటే గుమస్తాకి వినపడదు, దిగు, ఇప్పుడు దిగి పీకీ. నడుస్తూనే చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాడు. ఒకవేళ అప్పటికే వెలిగి ఉంటే, ఎవరన్నా అడిగితే, ఏం చెప్పాలి. ఉన్నదే చెప్పాలి. అబద్ధం అక్కర్లేదు, నిజమే కాపాడుతుంది, ఇది దానంతట అది వెలిగే దీపం, లోపల మనిషి అక్కర్లేదు, కరెంటు పోవడం వల్ల చక్రం వెనకబడింది, అంతే కదా. తాళం బయట ఉంది కదా. ఇంతసేపూ ఈ మాట ఎందుకు తట్టలేదు. తాళం వేసిన ఇంట్లో తానుగా వెలిగే దీపం, దానికి భయమెందుకు. తట్టినందుకు కాళ్ళలోకి కాస్త ఓపిక వచ్చింది. బర్మా మాటల్లో ఆ వాక్యాన్ని మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు మనసులో అనుకుని చూసుకున్నాడు, తప్పు పోకుండా.

సందు మలుపు తిరిగేసరికి మోత ఆగిపోయి ఉంది. ఆగిందంటే వాళ్ళొచ్చారన్నమాట. సందు మొదట్లో వార్డు ఆఫీసు గుమ్మం మీద బల్బు వెలుగుతోంది, దాని కింద సైనికుల లారీ, ఆ తర్వాత సందంతా చీకటి, చీకటి చివర మేడ మీద వంగపండు రంగు కిటికీ. రెండు దుప్పట్ల వెనక నుంచి కూడా అంత వెలుగు వస్తుందని అతనికి తెలియదు, చీకట్లో బయట నిలబడి ఎప్పుడూ చూడలేదు కదా. కిటికీ కింద ఆరేడుగురు సైనికులు తలలెత్తి నిలబడ్డారు. లైటార్పండి లైటార్పండి అని ఒకడు గొంతు చించుకుంటున్నాడు, ఇంకొకడు ఉండేలు సాగదీసి పట్టుకున్నాడు. గుమస్తా వాళ్ళ పక్కనే చేతులు కట్టుకుని ఉన్నాడు. వెంకమ్మప్ప తన గుమ్మంలోంచి ఒక కాలు బయటపెట్టి బర్మాలో గట్టిగా చెబుతోంది, ఆ ఇంట్లో ఎవరూ లేరు బాబూ, పైకెళ్ళి చూడండి, తాళం వేసుంది, అది మొక్కల దీపం, దానికదే వెలుగుతుంది. అవునండి అన్నాడు గుమస్తా, పొద్దున మింగళాడోన్ కారులో వెళ్ళాడు, పొద్దుట్నుంచీ పైన అడుగుల చప్పుడు లేదు. అచ్చెన్నకు ఆ గుమస్తా కాళ్ళమీద పడాలనిపించింది. మంచం దిగలేదు. బంగారు తల్లి, రెండు మాటల్లో సరైన మాట విన్నది.

వెంకమ్మప్ప అతన్ని చూసి, "అదిగో వొచ్చినాడు" అంది తెలుగులో, తర్వాత వాళ్ళకోసం బర్మాలో అంది. అచ్చెన్న తాళంచెవులు చేత్తో పైకెత్తి పట్టుకుని, తెగిన చెప్పు రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా వెలుగులోకి వచ్చాడు. సార్జంటు నడివయసు మనిషి, నిద్రలేని కళ్ళు. "ఊలే, ఇంట్లో లేకుండా దీపమేంటి?" అన్నాడు, బాబాయ్ అని పిలిచాడంటే మరీ కోపం లేదన్నమాట. అచ్చెన్న కూడబలుక్కున్న వాక్యం బయటికి తీశాడు. నీళ్ళలో మరుగుజ్జు చెట్ల మొలకలు పెంచుతానండి, డో మ్యా గారికి కూడా ఇచ్చాను, వాటికి ఎండ బదులు ఈ దీపమండి, టైమరు మీద నడుస్తుంది, కరెంటు లేనప్పుడు చక్రం తిరగదండి, ఇవాళ తెల్లారకముందు నుంచీ లేదు కదా, అందుకని దానికి ఇప్పుడు తెల్లారిందండి. సైనికుల్లో ఒకడు నవ్వాడు. సార్జంటుకు కూడా పెదవి కదిలింది. "మరెప్పుడు ఆరుతుంది?" అన్నాడు. ఆ కదిలిన పెదవి చూసి అచ్చెన్నకు ధైర్యం వచ్చింది, పని తెలిసినవాడి హుషారు కూడా వచ్చింది, ఎన్నాళ్ళకో ఒకరు తన మొక్కల గురించి అడిగారు. "ఇప్పుడు దానికదే ఆరదండి. దాని లెక్కన పొద్దుగూకాలంటే మనకి మళ్ళీ తెల్లారాలి. ఎవరో ఒకరు వెళ్ళి చేత్తో ఆర్పితే తప్ప ఆరదు. నేను వెళ్ళి ఆర్పేస్తానండి" అన్నాడు.

మా అమ్మకూ ఈ చెట్ల పిచ్చి ఉంది అన్నాడు సార్జంటు. ఉండేలు పట్టుకున్నవాడు చెయ్యి దించాడు. వెంకమ్మప్ప కాలు లోపలికి తీసుకుంది. వెళ్ళి ఆర్పేసి పడుకో ఊలే, రేపటి నుంచి జాగ్రత్త, అని సార్జంటు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. అచ్చెన్న తలవంచి దండం పెట్టి మెట్ల వైపు ఒక అడుగు వేశాడు. ఇంకా కాసేపు, ఇంకా ఇరవై మెట్లు, తలుపు తీసి ముందు ఆ పిల్ల తల మీద చెయ్యి వెయ్యాలి, నోరు మూసి ఏడవనివ్వాలి, పొద్దుట్నుంచీ నీళ్ళు తోడి తోడి చెయ్యి ఎంత నొప్పెడుతోందో, నేను తోడతాను నువ్వు పడుకో అనాలి, ఆ వెలుగుకి చింతాకులు ఇప్పుడు విప్పుకుని ఉంటాయి, అవి చూపించి నవ్వించాలి. దీపం ఆరిపోయింది.

కిటికీ ఉన్నచోట ఇప్పుడు చీకటి, మిగతా కిటికీల్లాంటి మామూలు చీకటి, దారంతా అతను ఏ చీకటి కోసం మొక్కుకున్నాడో అదే. రాధ సైనికుడి కేకలు విన్నది, తర్వాత కింద మావయ్య గొంతు విన్నది, ఆ గొంతులో బర్మా మాటలు రెండు దుప్పట్ల వెనక సరిగ్గా వినపడి ఉండవు, మావయ్యకు ఆపద అనుకుంది, పలకలు కిర్రుమనకుండా అన్నీ దాటుకుని వెళ్ళి చెప్పిన పని చేసింది. గుమస్తా తలెత్తి మేడ తలుపు మీదికి టార్చి వేశాడు, ఆ వెలుగులో తాళాలు కనబడుతున్నాయి, రెండూ వేసే ఉన్నాయి.

"కరెంటు పోయిందండి" అన్నాడు అచ్చెన్న.

సందు మొదట్లో వార్డు ఆఫీసు గుమ్మం మీద బల్బు వెలుగుతూనే ఉంది. సార్జంటు ముందు ఆ బల్బు కేసి చూశాడు, తర్వాత కిటికీ కేసి చూశాడు. తర్వాత తాళంచెవుల కోసం చెయ్యి చాపాడు.